రెండో ఉత్తర్వు

పక్క రాజ్యంలో జనం తిరగబడ్డారు. అక్కడి ప్రభువు తుపాకులతో అణచివేస్తున్నాడు. ఇవతల బలమైన సైన్యమున్న దేశపు అధ్యక్షుడి ముందు ఒక ఉత్తర్వు సిద్ధంగా ఉంది. సంతకం పెడితే సేనలు సరిహద్దు దాటుతాయి, పెట్టకపోతే అక్కడి చావులు ఆగవు. పెట్టాలా, వద్దా? ఇది ఢిల్లీ, వాషింగ్టన్ పెద్దలు తేల్చుకోవలసిన ప్రశ్న అనుకుంటాం గానీ నిజామాబాద్, బోధన్ ప్రాంతాలకు ఇంత దగ్గరి ప్రశ్న మరొకటి లేదు. ఈ జిల్లా పల్లెల నుంచి తరాలుగా గల్ఫ్‌కు వలస పోతున్నారు. అక్కడ ఏ దేశం మీదికి ఏ సైన్యం కదిలినా ఇక్కడి ఇళ్లలో పొయ్యి వెలగని పరిస్థితి వస్తుంది. అంతకంటే ముఖ్యం, 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సరిహద్దు దాటి వచ్చింది అప్పట్లో నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానంలో ఉన్న ఈ నేల మీదికే. అది మన మీదికి వచ్చిందా, మన కోసం వచ్చిందా అన్న తగువు ఇప్పటికీ తేలలేదు. సెప్టెంబర్ 17ను ఒకరు విమోచన దినమంటారు, ఒకరు సమైక్యతా దినమంటారు, ఇంకొకరు విద్రోహ దినమంటారు. కింది సంవాదంలో మాట్లాడేది ఇద్దరు కల్పిత వ్యక్తులు: నిజామాబాద్‌లో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకరు, బోధన్ కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు ఒకరు. పరాయి గడ్డ మీది తిరుగుబాటులోకి సైన్యాన్ని పంపడం ఎన్నటికీ తగదని వకీలు వాదన. షరతుల మీద తగునని లెక్చరర్ వాదన. మనుషులు కల్పితమే గానీ వాళ్లు చెప్పే సంగతులు చరిత్రలోవి.

వకీలు: సార్, ముందు చట్టం చూద్దాం. 1947 భారత స్వాతంత్ర్య చట్టం సంస్థానాల మీద బ్రిటిష్ వారికున్న ఆధిపత్యాన్ని రద్దు చేసింది, అంతేగాని దాన్ని తీసి ఢిల్లీ చేతిలో పెట్టలేదు. హైదరాబాద్ ఏదో మూల ఉన్న చిన్న జమీందారీ కాదు. 82 వేల చదరపు మైళ్ల రాజ్యం, కోటీ అరవై లక్షల జనం, సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా, సొంత సైన్యం, సొంత యూనివర్సిటీ. ఏ దేశంలోనూ చేరబోనని నిజాం 1947 జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు. 1947 నవంబర్ 29న భారత ప్రభుత్వం ఆయనతో ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం రాసుకుంది. ఎదుటివాడికి అస్తిత్వమే లేకపోతే వాడితో ఒప్పందమేంటి? ఆ ఏడాది నిండకముందే సైన్యం వచ్చింది. హైదరాబాద్ ఆగస్టులోనే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. పారిస్‌లో సెప్టెంబర్ 16న మండలి ఆ ఫిర్యాదు విప్పేసరికి యుద్ధం నాలుగో రోజులో ఉంది, మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన పేరిట తంతి వెళ్లింది. గెలిచిన సైన్యం ఊరంతా ఉండగా వెళ్లిన తంతి అది. దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త క్లైడ్ ఈగిల్టన్ 1950లోనే హైదరాబాద్ కేసు మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడంటే ఈ సంగతి ఎంత దూరం పోయిందో చూడండి. పక్కింట్లో గొడవ జరుగుతోందని బలవంతుడు తలుపు పగలగొట్టి లోపలికి పోవచ్చునంటే, రేపు ప్రతి బలమైన దేశానికీ అదే సాకు దొరుకుతుంది.

లెక్చరర్: వకీల్ సాబ్, మీరు చెప్పిన చట్టం రాజుకూ రాజుకూ మధ్యది. ఆ రాజ్యం ఎవరిదన్న ప్రశ్నను అది అడగనే అడగదు. కోటీ అరవై లక్షల మందిలో ఎందరికి ఓటుంది? వాళ్లకు జవాబు చెప్పుకునే మంత్రివర్గం ఎక్కడుంది? ఇక్కడి జనం ఒక్కసారిగా కత్తి దూయలేదు. 1937లో ఈ నిజామాబాద్ పట్నంలోనే మందుముల నర్సింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం జరిగింది. అప్పటికి మహాసభ నడిచింది అర్జీలతోటి, తీర్మానాలతోటి. అడిగినవాళ్లు అడుగుతూనే ఉన్నారు, సర్కారు విననే లేదు. 1947 ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టింది, జైళ్లు నిండిపోయాయి. మన నిజామాబాద్‌లోని ఇందూరు ఖిల్లాయే జైలుగా ఉండేది. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి లాంటివాళ్లు ఆ గోడల మధ్య ఉన్నారు. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గు ముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. మొదట అర్జీ, తర్వాత తీర్మానం, ఆ తర్వాత సత్యాగ్రహం, జైలు, చివరకు నల్లగొండ, వరంగల్ పల్లెల్లో తుపాకి. ఇది వరుస. ఇంత వరుస నడిచిన తిరుగుబాటును బయటివాళ్లు పుట్టించారని ఎవరూ అనలేరు. ఇక సర్కారు దానికి ఇచ్చిన జవాబు చూడండి. తన పోలీసు చాలక ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దళాలకు ఊళ్లను వదిలేసింది. 1948 ఆగస్టులో భారత యూనియన్‌లో కలవాలని రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్ నగరంలోనే దాడి చేసి చంపారు. అదే నెల 27న బైరాన్‌పల్లిలో ఊరి బురుజు మీదినుంచి ఎదురు నిలిచిన పల్లెను ముట్టడించి ఎనభై మందికి పైగా చంపారు. తన ప్రజలను ఒక ప్రైవేటు సేనకు అప్పగించిన ప్రభువు, ఇది నా ఇంటి వ్యవహారం, మీకేం పని అని అడిగే హక్కు ఆ రోజే పోగొట్టుకున్నాడు.

వకీలు: ఒకటి అడుగుతాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టింది ఎవరు? 1923లో మొదలై 1931కి పూర్తయిన ఆ ప్రాజెక్టు లేకపోతే బోధన్ చుట్టూ చెరకు లేదు. చెరకు లేకపోతే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేదు. ఆ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది, అంటే మీరు చెప్పిన మహాసభ జరిగిన ఏడే. అలాంటి ప్రభుత్వాన్ని వట్టి దోపిడీ ముఠాలాగా చూపించడం న్యాయం కాదు. మరి విముక్తి పేరుతో వచ్చినవాళ్లు ఏం చేశారు? అదే ఫ్యాక్టరీని ప్రైవేటు భాగస్వామ్యంలో పెట్టారు, 2015లో అది మూతపడింది. రెండో మాట, జనం పిలిచారంటున్నారు. ఎవరు పిలిచారు? స్టేట్ కాంగ్రెస్ పిలిచింది. పల్లెల్లో నిజంగా తుపాకి పట్టి, దొరల భూములు పంచినవాళ్లు కమ్యూనిస్టులు. సైన్యం వచ్చాక వాళ్ల మీదికే తిరిగింది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా వేట ఆగలేదు. ఆ పోరాటంలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్క చెప్పాడు. వాళ్లలో చాలామంది పోయింది రజాకార్లు పోయాకనే. తిరుగుబాటుకు సాయంగా వచ్చామన్న సైన్యం మూడేళ్లు తిరుగుబాటుదారులనే చంపితే, దాన్ని సాయం అనడానికి నోరెలా వస్తుంది? సైన్యం పంపేవాడి మనసులో ఎప్పుడూ రెండు లెక్కలుంటాయి సార్. బయటికి చెప్పేది ఒకటి, లోపల వేసుకునేది ఒకటి.

లెక్చరర్: నిజాంసాగర్ గొప్ప పని, కాదనను. అలీ నవాజ్ జంగ్ లాంటి ఇంజనీరును కన్న రాజ్యం అది. కానీ కాలువ తవ్వించినందుకు ఆ కాలువ కింది రైతు నోరు మూయించే హక్కు వస్తుందా? ఫ్యాక్టరీ మూతపడింది, నిజమే, ఈ ప్రాంత రైతుకు, కార్మికుడికి అది పెద్ద దెబ్బ. కానీ ఇక్కడే తేడా చూడండి. ఈ జిల్లా రైతులకు 2019 లోక్‌సభ ఎన్నికల్లో కోపం వచ్చింది. పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని నూట డెబ్బై మందికి పైగా రైతులు నిజామాబాద్ స్థానానికి నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. దేశమంతా ఇటు తిరిగి చూసింది, సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. పాలకుడు మంచివాడా, చెడ్డవాడా అన్నది తర్వాతి మాట. పాలకుణ్ని నిలదీసి, కాదంటే దింపే దారి ఉందా, లేదా అన్నది మొదటి మాట. 1948కి ముందు ఆ దారి లేదు. ఇక ఉద్దేశాల సంగతి. ఢిల్లీ మనసులో కమ్యూనిస్టుల భయం ఉంది, దేశం నడుమ వేరే రాజ్యం ఉండకూడదన్న లెక్కా ఉంది. ఒప్పుకుంటాను. శుద్ధమైన మనసుతో సైన్యం పంపిన ప్రభుత్వం చరిత్రలో నాకైతే కనపడదు. అందుకే ఉద్దేశాన్ని కాదు, చేతను తూచాలంటాను. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1952 మార్చిలో ఓటుతో గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. అవి సైన్యం వచ్చాక జరిగిన పనులు. మూడేళ్ల పాటు రైతుల మీద తుపాకి ఎక్కుపెట్టడం కూడా సైన్యం వచ్చాక జరిగిన పనే. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని దాచడానికి లేదు.

వకీలు: అయితే మీరు దాచలేనిది ఇంకోటి చెబుతాను, వినండి. 1948 నవంబర్, డిసెంబర్‌లలో నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సంస్థానంలో తిరిగి ఒక నివేదిక రాశారు. పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ సైనిక ప్రవేశం జరుగుతున్నప్పుడు, ఆ తర్వాత కలిపి తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. చనిపోయినవాళ్లు ముఖ్యంగా ముస్లింలు. మొత్తం పదహారు జిల్లాల్లో అన్నింటికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. తర్వాతి వరుసలో మెదక్ ఉంది. పటం తీసి చూడండి సార్: నాందేడ్, బీదర్, మెదక్ మూడూ అప్పటి నిజామాబాద్ జిల్లాను ఆనుకున్నవే. బోధన్ నుంచి మంజీర దాటితే నాందేడ్ జిల్లా ఊళ్లే. అక్కడి నుంచి ఇటూ ఇటు నుంచి అటూ పెళ్లి సంబంధాలు, సంతలు, కూలి పనులు నడిచిన ప్రాంతం ఇది. ఆ కమిటీ సభ్యులు కుళ్లిన శవాలున్న బావులను కళ్లారా చూశారు. ఒక బావిలో పదకొండు శవాలు లెక్కపెట్టారు. వాటిలో ఒక తల్లి శవం ఉంది, ఆమె రొమ్ముకు పసిబిడ్డ అంటుకునే ఉంది. రజాకార్లు చేసిన పాపానికి ఆ తల్లి ఏం చేసింది? కొన్ని చోట్ల సైనికులు, పోలీసులే దోపిడీకి జనాన్ని ఉసిగొల్పారని కూడా నివేదిక రాసింది. అయిదు రోజుల యుద్ధం అని పాఠాల్లో చెప్పుకుంటాం. ఆ తల్లికి యుద్ధం అయిదు రోజుల్లో అయిపోలేదు. సైన్యం పంపకపోతే బైరాన్‌పల్లి జరిగింది అంటారు. పంపితే ఈ బావులు. మరి మీ తక్కెడ ఎటు మొగ్గుతుంది?

లెక్చరర్: ఆ బావులను తక్కెడలో వేసి, అటు బైరాన్‌పల్లి, ఇటు ఉస్మానాబాద్, సరిపోయిందిలే అనేవాడు మనిషే కాదు. ఒకరి చావు ఇంకొకరి చావుకు చెల్లు కాదు. కానీ ఆ నివేదికను చివరిదాకా చదివితే మరో విషయం కనపడుతుంది. అదే సైన్యంలో కొన్ని చోట్ల అధికారులు గట్టిగా నిలబడి ముస్లింలను కాపాడారని కూడా కమిటీ రాసింది. కొన్ని చోట్ల హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్ల ముందు అడ్డం నిలబడి, తమవాళ్ల ప్రాణాలు పోయినా వాళ్లను కాపాడారని రాసింది. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను వెనక్కి తేవడానికి ఎందరో హిందువులు సాయపడ్డారని రాసింది. అంటే ఏమిటి? ఆ హత్యలు సైన్యం వస్తే జరిగి తీరే ప్రకృతి వైపరీత్యం కాదు. ఆపాలని గట్టిగా అనుకున్న చోట ఆగాయి. ఆపమని చెప్పేవాడు లేని చోట, చెప్పాల్సినవాడే చూసీ చూడనట్టు ఊరుకున్న చోట ఆగలేదు. సేనలు సోలాపూర్ నుంచి ఎలా రావాలి, నల్‌దుర్గ్ ఎలా పట్టాలి, నగరాన్ని ఎన్ని రోజుల్లో చేరాలి అన్నదానికి నెలల ముందే పథకం రాసి పెట్టారు. రజాకారు పారిపోయిన రాత్రి ఆ ఊరి ముస్లిం ఇంటి ముందు ఎవరు కాపలా ఉండాలి అన్నదానికి మాత్రం అంత శ్రద్ధగా పథకం రాసిన దాఖలా ఆ జిల్లాల్లో కనపడదు. సైన్యం ప్రవేశించమన్న మొదటి ఉత్తర్వు ఉంది. ఓడినవాడిని కాపాడమన్న రెండో ఉత్తర్వు అంత బలంగా, అంత ముందుగా, అన్ని ఊళ్లకూ వెళ్లలేదు. నా వాదన ఇదే వకీల్ సాబ్: మొదటి ఉత్తర్వు న్యాయమైనదే. రెండోది లేకపోవడం నేరం. నిజాంసాగర్ తూము ఎత్తేవాడు నీళ్లు ఏ మడి దాకా పోతాయో, ఏ గట్టు తెగుతుందో తెలుసుకుని ఎత్తాలి. తెలియకుండా ఎత్తి ఊరు మునిగాక నీళ్ల మీద నెపం వేయకూడదు.

వకీలు: వినడానికి బాగుంది. కానీ ఏ పాలకుడు రెండో ఉత్తర్వు రాశాడో చూపించండి. 1971 తీసుకోండి. అప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరి, తెలుగువాడు. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం సర్వసైన్యాధిపత్యం ఆయనదే. 74వ అధికరణం ప్రకారం మంత్రివర్గం చెప్పినట్టు నడుచుకోవాలి. డిసెంబర్ 3న ఎమర్జెన్సీ ప్రకటన మీద ఆయన సంతకం పడింది. యుద్ధం పదమూడు రోజుల్లో, డిసెంబర్ 16న ముగిసింది. ఎమర్జెన్సీ మాత్రం 1977 మార్చి దాకా కొనసాగింది. బయట స్వేచ్ఛ కోసం చేసిన సంతకం లోపలి స్వేచ్ఛ మీద ఐదేళ్లకు పైగా కత్తిలా వేలాడింది. 1987 తీసుకోండి. శ్రీలంకలో తమిళులను కాపాడే ఒప్పందమని జూలైలో శాంతి సేన వెళ్లింది. అక్టోబర్ నాటికి తమిళ పులులతోనే యుద్ధం చేస్తోంది. పదకొండు వందల మందికి పైగా మన జవాన్లు పోయారు, 1990 మార్చిలో తిరిగి వచ్చారు, మరుసటి ఏడాది ఆ పులుల దాడిలో రాజీవ్ గాంధీ ప్రాణమే పోయింది. 2011 తీసుకోండి. లిబియా తిరుగుబాటులో పౌరులను కాపాడతామని భద్రతా మండలి తీర్మానంతోనే అమెరికా, దాని మిత్రులు బాంబులు వేశారు. భారత్ ఆ తీర్మానంపై ఓటు వేయకుండా దూరంగా ఉంది. గద్దాఫీ పోయాక ఆ దేశం ముక్కచెక్కలైంది. తర్వాతి రోజుకు సిద్ధపడకపోవడమే తన పాలనలో పెద్ద తప్పని ఒబామాయే 2016లో ఒప్పుకున్నాడు. అక్కడ పని చేసుకునే వేల మంది మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఎవరూ ఏనాడూ నిలబెట్టుకోని షరతు మీద పెట్టిన నియమం నియమం కాదు సార్. దానికంటే వెళ్లవద్దన్నదే నమ్మదగిన నియమం.

లెక్చరర్: మీరు తెచ్చిన మూడు సాక్ష్యాల్లో మొదటిది నా వైపు కూడా మాట్లాడుతుంది. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో ఊచకోత మొదలైంది. భారత్ వెంటనే దూకలేదు. కోటి మంది శరణార్థులు వచ్చిపడ్డా ఎనిమిది నెలలకు పైగా రాయబారం నడిపింది, ప్రపంచాన్ని అడిగింది, చివరకు డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు దాడి చేశాక పూర్తి యుద్ధానికి దిగింది. తొంభై మూడు వేల మంది లొంగిపోయినవాళ్లను జనం కసికి వదలకుండా తన అదుపులో ఉంచుకుని కాపాడింది. 1972 మార్చి నాటికి సేనలు వెనక్కి వచ్చేశాయి. అంటే సరిహద్దు అవతల రెండో ఉత్తర్వులో పెద్ద భాగం అమలైంది. అమలు కానిది ఇవతల, ఎమర్జెన్సీ ఎత్తేయకపోవడంలో. అక్కడ మీ మాట నూటికి నూరు పాళ్లు ఒప్పు. శ్రీలంకకు, లిబియాకు పోయినవాళ్లకు ఎవరి చేతికి అధికారం అప్పగించి, ఎప్పుడు వెనక్కి రావాలో తెలియదు, ఆ రెండూ చెడింది అక్కడే. ఇక వెళ్లవద్దన్న మీ నియమం. వెళ్లకపోవడం కూడా ఉత్తర్వే వకీల్ సాబ్. 1994లో రువాండాలో ఊచకోత మొదలయ్యాక ఐక్యరాజ్య సమితి అక్కడున్న తన సేనను పెంచలేదు, కొన్ని వందలకు తగ్గించింది. వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా చనిపోయారు. ఆ తగ్గించిన చేతులకు నెత్తురు అంటలేదని ఎవరు చెప్పగలరు? బైరాన్‌పల్లి ఆగస్టు 27న, సైన్యం వచ్చింది సెప్టెంబర్ 13న. ఆ పదిహేడు రోజుల ఆలస్యమూ ఎవరో ఒకరి నిర్ణయమే. చేయి చాచినా, చేయి ముడుచుకున్నా పాలకుడు జవాబు చెప్పుకోవాలి.

వకీలు: చెప్పుకునేది ఎవరికి? మన రాజ్యాంగంలో సైన్యాన్ని బయటికి పంపడానికి పార్లమెంటు ముందుగా ఓటు వేయాలన్న నిబంధన ఎక్కడా లేదు. అమెరికాలో వియత్నాం దెబ్బ తిన్నాక 1973లో చట్టం తెచ్చారు. అధ్యక్షుడు సేనలను దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆ సేనల వాడకం ఆపాలి. ఆ చట్టాన్ని కూడా తర్వాత వచ్చిన అధ్యక్షులు పక్కకు నెట్టే దారులు వెతికారు. మన దగ్గర ఆ మాత్రం కాగితం కూడా లేదు. సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికను పటేల్ ఒప్పుకోలేదు, ప్రభుత్వం బయటపెట్టలేదు. అరవై ఏళ్లు దాటి 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో మామూలు పాఠకుడి చేతికి రాలేదు. తన తప్పు రాసిన కాగితాన్నే అన్నేళ్లు దాచిన రాజ్యం, మీరు కోరే రెండో ఉత్తర్వు రాస్తుందని ఎలా నమ్మమంటారు?

లెక్చరర్: నమ్మమని నేను అనను. బలవంతంగా రాయించాలంటాను. మొదటి షరతు, తిరుగుబాటు లోపలిదై ఉండాలి, దాని వరుస ఊరూరా కనపడాలి. రెండో షరతు, మాటతో అయ్యే దారులన్నీ మూసుకుపోయాయని తేదీలతో సహా పార్లమెంటు ముందు పెట్టాలి. మూడోది అన్నింటికంటే బరువైనది: సేనలు కదిలే రోజే రెండో ఉత్తర్వు కూడా సంతకమై ఉండాలి. అందులో మూడు మాటలుండాలి. ఓడినవాళ్లుగా లెక్కకు వచ్చే జనాన్ని, వాళ్ల ఇళ్లను, ఆడవాళ్లను కాపాడే బాధ్యత ఏ ఊళ్లో ఏ అధికారిదో పేరుతో సహా ఉండాలి. అధికారాన్ని స్థానిక జనం ఎన్నుకున్నవాళ్లకు అప్పగించే గడువు ఉండాలి. జరిగినదాని మీద విచారణ నివేదికను ఫలానా నెలలోపు అచ్చువేస్తామన్న హామీ ఉండాలి. ఇవి 1948లో ఉండి ఉంటే ఏమయ్యేది? సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదరి పాలన, తర్వాత నియమిత ముఖ్యమంత్రి వెల్లోడి పాలన కలిపి మూడేళ్లకు పైగా సాగేవి కావు. భూమి దున్నిన రైతు మీద సైనికుడి తుపాకి అన్నేళ్లు ఉండేది కాదు. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులతో సర్కారు నింపి 1952 ముల్కీ ఆందోళనకు, ఆ ఆందోళనలో కాల్పులకు దారి తీసేది కాదు. ఆ బావులు నిండేవి కావు.

వకీలు: ఇంత షరతు పెడితే ఏ అధ్యక్షుడూ సైన్యాన్ని పంపలేడు సార్. మీరు చివరకు నా మాటే నిలబెట్టారు.

లెక్చరర్: తర్వాతి రోజు గురించి ఆలోచించే తీరిక లేనివాడు పంపలేడు. పంపకూడదు. అక్కడిదాకా మీ మాటా నా మాటా ఒకటే. ఆలోచించినవాడు పంపగలడు, పంపాల్సిన రోజూ ఒకటి వస్తుంది. అక్కడ మనం వేరు.

వాళ్ల సంవాదం అక్కడితో ఆగినా ఈ వ్యాసం తన తీర్పు చెప్పకుండా ఆగకూడదు. 1948 సెప్టెంబర్ 13 నాటి ప్రవేశం న్యాయమే. ఓటు లేని జనం అర్జీతో మొదలుపెట్టి అన్ని మెట్లూ ఎక్కాకే ఆ రోజు వచ్చింది. ఆ ప్రవేశం వెనకే జరిగిన హత్యాకాండకు, రైతుల మీద మూడేళ్లు సాగిన సైనిక చర్యకు అదే ప్రభుత్వం బాధ్యత వహించాలి. గెలుపు గొప్పదని ఆ బాధ్యత మాఫీ కాదు. ఈ రెండు వాక్యాలనూ ఒకే శ్వాసలో పలకగలిగినవాళ్లే రేపు మరో దేశంలో, మరో తిరుగుబాటు మీద సైన్యం పంపాలా వద్దా అన్న చర్చలో నోరు విప్పడానికి అర్హులు. మొదటి వాక్యమే చెప్పేవాళ్లు పక్కింటి తల్లి శవం మీద జెండా ఎగరేస్తారు. రెండోదే చెప్పేవాళ్లు బైరాన్‌పల్లి బురుజు దగ్గర పడిపోయినవాళ్లను మరిచిపోతారు.

కాబట్టి నిజామాబాద్, బోధన్ పాఠకులకు, ఈ జిల్లా నుంచి గెలిచే ప్రతి ప్రజాప్రతినిధికీ ఒక విన్నపం. ప్రతి సెప్టెంబర్ 17న జరిగే సభల్లో బైరాన్‌పల్లి పేరుతో పాటు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌ల పేర్లు కూడా పలకండి. షోయబుల్లాఖాన్‌కు నివాళి ఇచ్చే నోటితోనే, సాటివాళ్లను కాపాడబోయి చనిపోయిన ఆ నేతపనివాళ్లకూ నివాళి ఇవ్వండి. సుందర్‌లాల్ కమిటీ నివేదిక తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషల్లో ప్రభుత్వ ఖర్చుతో అచ్చై, పాత సంస్థానంలోని ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉండాలని అడగండి. సైన్యాన్ని దేశం వెలుపలికి పంపే ప్రతి ఉత్తర్వుతో పాటు కాపలా, అప్పగింత, విచారణల ఉత్తర్వును కూడా పార్లమెంటు ముందు పెట్టాలని చట్టం కోరండి. ఆ రెండో ఉత్తర్వు లేకపోతే ఏమవుతుందో ఈ దేశంలో ఎవరికైనా చెప్పగల హక్కు అందరికంటే ముందు మనకుంది. ఆ హక్కును వాడుకుందాం.